పక్క రైతుకు ట్రాక్టర్ ఇస్తున్నారా? తాళం చేతికిచ్చే ముందు ఇవి తప్పక తెలుసుకోవాలి..

షెడ్డులో ట్రాక్టర్ ఉంటుంది. ఏడాదిలో నాలుగైదు సార్లు తప్ప బయటకు తీసేది ఉండదు. అంతలో పక్క పొలం రైతు వచ్చి అడుగుతాడు.. "అన్నా, రేపు ఒక్క పూట బండి ఇస్తావా? దమ్ము సగంలో ఆగిపోయింది, మడిలో నీళ్లు పోతే మళ్లీ రావు" అని. కాదనలేం. ఊళ్లో రోజూ మొహాలు చూసుకునేవాళ్లం. పైగా రేపు మనకు అవసరమొస్తే వచ్చేది కూడా ఆయనే. అందుకే చాలా మంది రెండో మాట లేకుండా తాళం చేతిలో పెట్టేస్తారు.

ఒకప్పుడు అరక, ఎడ్లబండి బదులు ఇచ్చుకున్నట్టే ఇప్పుడు ట్రాక్టర్ ఇచ్చుకుంటున్నారు. కాకపోతే ఒక తేడా ఉంది. ట్రాక్టర్ చట్టం దృష్టిలో మోటార్ వాహనం. దానికి రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఇన్సూరెన్స్ ఉంటుంది. జరగరానిది జరిగితే కేసు కూడా ఉంటుంది. ఆ సమయంలో బండి నడిపింది ఎవరన్న ప్రశ్నతో పాటు, బండి ఎవరి పేరు మీద ఉందన్న ప్రశ్న కూడా వస్తుంది. "అరువు సొమ్ము బరువు చేటు" అని పెద్దలన్న సామెత తీసుకున్నవాడికే కాదు, ఇచ్చినవాడికీ వర్తిస్తుందన్నమాట.

మరి ఇవ్వడం మానేయాలా? అక్కర్లేదు. ఏం చూసుకుని ఇవ్వాలో తెలిస్తే చాలు.

చట్టంలో దీనికో పేరుంది

ఒకరి వస్తువును ఒక పని కోసం ఇంకొకరికి అప్పగించి, పని అయ్యాక తిరిగి తీసుకోవడాన్ని భారత కాంట్రాక్టు చట్టం, 1872 'బెయిల్‌మెంట్' అంటుంది. దీనికి స్టాంపు పేపర్ ఉండాల్సిన పని లేదు. నోటి మాట మీద తాళం ఇచ్చినా అది బెయిల్‌మెంటే. సెక్షన్ 148 నుంచి ఈ నిబంధనలు మొదలవుతాయి. రైతులకు పనికొచ్చేవి ముఖ్యంగా ఇవీ..

సెక్షన్ 150: బండిలో ఉన్న లోపం యజమానికి తెలిసి ఉంటే ముందే చెప్పాలి. బ్రేకులు ఒక పక్కకు లాగుతున్నాయని తెలిసీ చెప్పకుండా ఇచ్చి, దాని వల్ల తీసుకున్నాయనకు దెబ్బ తగిలితే బాధ్యత యజమానిదే. ఇక అద్దెకు ఇస్తే నిబంధన ఇంకా గట్టిది. ఆ లోపం తనకు తెలియదని చెప్పినా కుదరదు. చట్టంలో ఇచ్చిన ఉదాహరణ ఆసక్తిగా ఉంటుంది. పొగరుబోతు గుర్రమని తెలిసీ ఆ మాట చెప్పకుండా ఇంకొకరికి ఇస్తే, అది పడదోసినందుకు ఇచ్చినవాడే జవాబుదారీ. 1872లో గుర్రం, ఇప్పుడు ట్రాక్టర్. సూత్రం మాత్రం అదే.

సెక్షన్ 151, 152: మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, తీసుకున్నాయన దీన్నీ అంత జాగ్రత్తగా చూసుకోవాలి. అంత జాగ్రత్తగా ఉన్నా పాడైతే, ప్రత్యేక ఒప్పందం లేనప్పుడు ఆయన కట్టాల్సిన పని లేదు. అంటే మామూలు వాడకంలో పాత గొట్టం పగిలితే ఖర్చు యజమానిదే. రేడియేటర్‌లో నీళ్లు చూడకుండా ఇంజిన్ సీజ్ చేస్తే మాత్రం తీసుకున్నాయనదే.

సెక్షన్ 154: ఏ పనికి ఇస్తే ఆ పనికే వాడాలి. దున్నడానికని తీసుకుని కంకర తోలితే, లేదా తాను నడుపుతానని చెప్పి బామ్మర్దికి ఇస్తే, ఆ సమయంలో జరిగిన నష్టానికి తీసుకున్నాయనే బాధ్యుడు. నడిపినవాడు ఎంత జాగ్రత్తగా నడిపినా సరే.

సెక్షన్ 159: ఉచితంగా ఇచ్చిన వస్తువును యజమాని ఎప్పుడైనా వెనక్కి అడగొచ్చు. వారం రోజులకని ఇచ్చినా మూడో రోజే అడిగే హక్కు ఉంది. అయితే ఆ మాట నమ్ముకుని అవతలి రైతు పని మొదలుపెట్టి ఉండి, మధ్యలో లాక్కోవడం వల్ల ఆయనకు వచ్చిన లాభం కంటే నష్టమే ఎక్కువైతే, ఆ తేడా యజమాని భరించాలి. సగం మడి దమ్ము చేసి సగం వదిలేయాల్సి వస్తే పరిస్థితి ఏంటో రైతులకు వేరే చెప్పక్కర్లేదు.

సెక్షన్ 160, 161: గడువు కాగానే అడక్కుండానే తెచ్చి అప్పగించాలి. అప్పగించకుండా ఉంచుకుంటే, ఆ తర్వాత జరిగే నష్టమంతా తీసుకున్నాయన ఖాతాలోకే వెళ్తుంది.

లైసెన్స్ ఉందా? మొదటి ప్రశ్న ఇదే

"ఇరవై ఏళ్ల నుంచి నడుపుతున్నాడు, ఆయనకు లైసెన్స్ దేనికి?" ఊళ్లలో తరచూ వినిపించే మాట ఇది. మోటార్ వాహనాల చట్టం, 1988 మాత్రం అనుభవాన్ని కాదు, కార్డును చూస్తుంది.

లైసెన్స్ లేని వ్యక్తికి బండి ఇవ్వకుండా చూసుకోవాల్సిన బాధ్యత యజమానిదేనని సెక్షన్ 5 చెబుతోంది. ఇస్తే సెక్షన్ 180 కింద యజమానికి మూడు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 2019 సవరణకు ముందు ఈ జరిమానా రూ.1,000 వరకే ఉండేది. నడిపిన వ్యక్తి మీద సెక్షన్ 181 కింద వేరే కేసు.

పక్కింటాయన కొడుకు 18 ఏళ్లు నిండనివాడైతే సంగతి ఇంకా పెద్దది. సెక్షన్ 199ఏ కింద మైనర్ సంరక్షకుడు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా పడుతుంది. బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దవుతుంది. "పిల్లోడు బాగానే నడుపుతాడు" అన్న మాట కోర్టులో పనికిరాదు.

ఇక ఏ లైసెన్స్ కావాలి? ఖాళీ బరువు 7,500 కిలోల లోపున్న ట్రాక్టర్‌ను చట్టం లైట్ మోటార్ వెహికల్ కిందే లెక్కిస్తుంది. మామూలు వ్యవసాయ ట్రాక్టర్లన్నీ ఇందులోకే వస్తాయి. కాబట్టి కారుకు తీసుకునే ఎల్ఎంవీ లైసెన్స్ చాలు. బైక్ లైసెన్స్ పనికిరాదు. ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టర్ లైసెన్స్ చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లో నాగశెట్టి కేసులో చెప్పింది. ఎల్ఎంవీ లైసెన్స్‌తో 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు కూడా నడపొచ్చని 2024 నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం మరోసారి తేల్చింది.

ప్రమాదం జరిగితే ఎవరు కట్టాలి?

అసలు భయం ఇక్కడే. ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే చట్టం ప్రకారం యజమాని వాళ్లే. చేతులు మారిన ఒక కారు కేసులో (నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్, 2018) సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. బండి అమ్మేసినా, ఆర్‌సీలో పేరు మారకపోతే పరిహారం బాధ్యత పాత యజమానిదేనని చెప్పింది. అమ్మేసిన బండికే అలా ఉంటే, అరువు ఇచ్చిన బండి సంగతి చెప్పేదేముంది!

మూడు సందర్భాలు విడివిడిగా చూడాలి.

మొదటిది.. దారిన పోయేవాళ్లకు దెబ్బ తగిలితే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అమల్లో ఉండి, నడిపినాయనకు లైసెన్స్ ఉండి, పాలసీలో రాసిన పనికే బండి వాడుతుంటే పరిహారం బీమా కంపెనీ కడుతుంది. షరతులు మీరితే? చాలా కేసుల్లో ముందు కంపెనీతో బాధితులకు కట్టించి, ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతున్నాయి. అయితే యజమాని తెలిసి తప్పు చేశాడని నిరూపించాల్సింది బీమా కంపెనీయేనని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఇచ్చే ముందు లైసెన్స్ ఫొటో తీసుకుని ఫోన్‌లో ఉంచుకోవడం చిన్న విషయమేమీ కాదు. రేపు యజమానిని కాపాడేది అదే.

ఇన్సూరెన్సే లేకపోతే మొత్తం సొంత జేబులోంచే. షెడ్డులోనే ఉంటుంది కదా అని పాలసీ రెన్యువల్ వదిలేసినవాళ్లకు ఇది పెద్ద హెచ్చరిక. దీనికి తోడు సెక్షన్ 196 కింద మొదటిసారి రూ.2,000, మళ్లీ దొరికితే రూ.4,000 జరిమానా. మూడు నెలల వరకు జైలు కూడా పడొచ్చు.

రెండోది.. ట్రాక్టర్ తీసుకున్నాయనకే ప్రమాదం జరిగితే. చాలా మందికి తెలియని పాయింట్ ఇది. బండి అరువు తీసుకున్న వ్యక్తి యజమాని స్థానంలోకి వస్తాడని, కాబట్టి ఆయన థర్డ్ పార్టీ కాడని సుప్రీంకోర్టు నింగమ్మ కేసులో (2009), రామ్‌ఖిలాడి కేసులో (2020) చెప్పింది. అంటే తన తప్పిదంతోనే ట్రాక్టర్ బోల్తా పడి ఆయన చనిపోతే, థర్డ్ పార్టీ పాలసీ కింద ఆయన కుటుంబానికి పరిహారం రావడం చాలా కష్టం. పాలసీలో ఉండే రూ.15 లక్షల తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమా కూడా లైసెన్స్ ఉన్న రిజిస్టర్డ్ యజమాని కోసమే. సాయం చేద్దామని ఇచ్చిన బండి పక్కింటి కుటుంబాన్ని చేతిలో రూపాయి లేకుండా నిలబెట్టే ప్రమాదం ఉందన్నమాట. తీసుకునే రైతు సొంతంగా ప్రమాద బీమా చేసుకుని ఉండటం అందుకే ముఖ్యం.

మూడోది.. ట్రాక్టర్ మీద, ట్రాలీలో మనుషులు ఎక్కితే. ట్రాక్టర్‌కు ఉండేది ఒక్క సీటే, అది డ్రైవర్‌ది. మడ్‌గార్డు మీద కూర్చున్నవాళ్లకు, ట్రాలీలో నిలబడ్డవాళ్లకు మామూలు పాలసీ వర్తించదు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాల్వలో బోల్తా పడి 15 మంది చనిపోయారు. మృతుల్లో ఎక్కువ మంది మహిళా కూలీలే. అదే ఏడాది ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర ట్రాక్టర్ కాల్వలో పడి 9 మంది మహిళా కూలీలు ప్రాణాలు కోల్పోయారు. "ట్రాలీలో మనుషుల్ని ఎక్కించొద్దు" అన్న మాట తాళంతో పాటే చెప్పాలి.

అద్దె తీసుకుంటే లెక్క మారుతుందా?

మారుతుంది. డీజిల్ పోయించుకోవడం వేరు, గంటకు ఇంత అని తీసుకోవడం వేరు. వ్యవసాయ ట్రాక్టర్ పాలసీల్లో 'లిమిటేషన్స్ యాజ్ టు యూజ్' అనే పెట్టె ఉంటుంది. బండిని ఏ పనులకు వాడొచ్చో, అద్దెకు తిప్పొచ్చో లేదో అందులోనే రాసి ఉంటుంది. ఇచ్చే ముందు ఆ రెండు లైన్లు చదవాలి. అర్థం కాకపోతే పాలసీ ఇచ్చిన ఏజెంట్‌ను అడగాలి. ఇటుక బట్టీకి మట్టి తోలుతుండగా ట్రాలీలో ఉన్న కూలీ గాయపడిన ఒక కేసులో (బ్రిజ్ మోహన్ కేసు, 2007), బండికి వ్యవసాయ పనులకే బీమా ఉందని, కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు చెప్పింది. బాధితుడికి ముందు కట్టి, యజమాని దగ్గర వసూలు చేసుకోమని ఆదేశించింది.

ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్, పాలసీలో వేరే ఎంట్రీ ఉండాలి. ఇంజిన్‌కు మాత్రమే బీమా ఉండి ట్రాలీకి లేకపోతే వివాదం అక్కడే మొదలవుతుంది. ఇక బ్యాంకు లోన్ మీద ఉన్న ట్రాక్టరైతే, ఇతరులకు అప్పగించడంపై లోన్ పత్రాల్లో ఏ షరతులున్నాయో చూసుకోవాలి. ఒక ఊరట ఏంటంటే, వ్యవసాయ యంత్రాల అద్దె మీద జీఎస్టీ లేదు.

ఇసుక తోలితే బండి పోలీస్ స్టేషన్‌లోనే

పొలం పనికని తీసుకెళ్లి రాత్రికి వాగులో ఇసుక తోలే సందర్భాలు కొత్తేమీ కాదు. గనుల చట్టం, 1957 సెక్షన్ 21 ప్రకారం అక్రమంగా ఖనిజం తరలించే వాహనాన్ని సీజ్ చేయొచ్చు. నడిపింది ఎవరైనా విడిపించుకోవడానికి తిరగాల్సింది యజమానే. నెలల తరబడి బండి ఎండకు, వానకు స్టేషన్ ఆవరణలో ఉండిపోతే జరిగే నష్టం వేరే. "పొలం పనికే" అన్న మాట రాతపూర్వకంగా ఉంటే, తనకు తెలియకుండా జరిగిందని చెప్పుకోవడానికి ఆధారం దొరుకుతుంది.

షెడ్డులో ఉన్న బండి.. ఇచ్చే ముందు ఏం చూడాలి?

తక్కువ వాడే ట్రాక్టర్ కొత్తగా కనిపిస్తుంది కానీ, నిలబడి ఉండటం వల్లే కొన్ని పాడవుతాయి. లోపం చెప్పాల్సిన బాధ్యత యజమానిది కాబట్టి ఇవి ముందు రోజే చూసుకోవాలి.

- బ్యాటరీ: వాడకపోయినా చార్జ్ తగ్గుతుంది. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుందేమో చూడాలి.
- డీజిల్: ట్యాంకు సగం ఖాళీగా నెలల పాటు ఉంటే లోపల తేమ చేరి నీళ్లు దిగుతాయి. ఫిల్టర్ కింద ఉన్న డ్రెయిన్ విప్పి తీసేయాలి.
- వైర్లు, గొట్టాలు: ఎలుకలు కొరికాయేమో, రబ్బరు పగుళ్లిచ్చిందేమో చూడాలి.
- టైర్లు: గాలి, పక్కల పగుళ్లు.
- ఇంజిన్ ఆయిల్, రేడియేటర్ నీళ్లు, క్లచ్ ఆట.
- బ్రేకులు: రెండు పెడళ్లూ సమానంగా పడుతున్నాయా అన్నది నడిపి చూడాలి.

ప్రాణాలు తీసే నాలుగు పొరపాట్లు

కొత్తగా బండి తీసుకున్నాయనకు ఈ నాలుగూ చూపించి చెప్పాలి. ఒక్కో కంపెనీ బండిలో లివర్లు ఒక్కో చోట ఉంటాయి. తన బండి నడిపినట్టే దీన్నీ నడపబోతే తడబడతాడు.

1. బ్రేక్ లాక్: ట్రాక్టర్‌కు ఎడమ, కుడి చక్రాలకు వేర్వేరు బ్రేక్ పెడళ్లు ఉంటాయి. పొలంలో మలుపు కోసం విడివిడిగా వాడతారు. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపి లాక్ చేయాలి. మర్చిపోయి వేగంలో ఒక్కటే తొక్కితే బండి ఒక్కసారిగా పక్కకు తిరిగి బోల్తా కొడుతుంది.

2. కట్టి లాగడం: బురదలో దిగిన బండినో, మొద్దునో లాగాలంటే తాడు కింద ఉన్న డ్రాబార్‌కే కట్టాలి. పైన యాక్సిల్‌కో, టాప్ లింక్‌కో కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. దూకే టైమ్ కూడా ఉండదు.

3. పీటీవో షాఫ్ట్: నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది సార్లు. తువ్వాలు, లుంగీ, చీర కొంగు తగిలిందంటే మనిషిని లాగేస్తుంది. ఇంజిన్ ఆపకుండా రోటావేటర్‌లో చుట్టుకున్న గడ్డి తీయడానికి చెయ్యి పెట్టకూడదు. షాఫ్ట్ మీద కవర్ లేకపోతే బండి ఇవ్వకపోవడమే మంచిది.

4. గట్లు, కాల్వ కట్టలు: చాలా పాత ట్రాక్టర్లకు బోల్తా నుంచి కాపాడే రక్షణ బారు ఉండదు. వానకు నానిన గట్టు అంచున చక్రం వేస్తే గట్టు విరుగుతుంది.

దమ్ము పనికి ఇచ్చినప్పుడు కేజ్ వీల్స్‌తో తారు రోడ్డెక్కవద్దని కూడా చెప్పాలి. పని అయ్యాక బురద కడిగి, గేర్ ఆయిల్ తెల్లగా పాలలా మారిందేమో చూడాలి. మారితే లోపలికి నీళ్లు వెళ్లినట్టే.

స్టాంపు పేపర్ వద్దు.. ఒక్క వాట్సాప్ మెసేజ్ చాలు

పక్కింటాయనతో అగ్రిమెంట్ రాయించుకోవడం బాగుండదు. కానీ మెసేజ్ పెట్టడానికి మొహమాటం అక్కర్లేదు. ఉదాహరణకు ఇలా..

"తమ్ముడూ, ట్రాక్టర్, రోటావేటర్ శుక్రవారం పొద్దున 6కి ఇస్తున్నా. నీ మూడెకరాల దమ్ముకే. శనివారం సాయంత్రం లోపు తెచ్చేయి. నడిపేది నువ్వే, వేరేవాళ్లకు ఇవ్వకు. ట్రాలీ లేదు, మనుషుల్ని ఎక్కించకు. మీటర్ రీడింగ్, డీజిల్ ఫొటో పెట్టాను. ఎడమ బ్రేక్ కొంచెం ఆలస్యంగా పడుతుంది, చూసుకో. పంక్చర్, బ్లేడ్లు నీవి, ఇంజిన్ పాత రిపేరు నాది."

అవతల నుంచి "సరే అన్నా" అని వస్తే చాలు. ఏ పనికి, ఎంత గడువుకు, ఎవరు నడపాలి, లోపం ఏంటి, ఖర్చు ఎవరిది.. ఐదూ అందులో ఉన్నాయి. ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు అవర్ మీటర్ ఫొటో తీసుకుంటే "ఎంతసేపు నడిపావు" అన్న గొడవే రాదు.

ఇంకా తేలికైన దారి ఒకటుంది. బండితో పాటు యజమానే వెళ్లడం, లేదా రోజూ ఆ బండి నడిపే డ్రైవర్‌ను పంపడం. అప్పుడు బండి చేతులు మారదు. ఆ బండి అలవాట్లు తెలిసినవాడే నడుపుతాడు. డ్రైవర్‌కు జీతం ఇస్తుంటే పాలసీలో డ్రైవర్ కవర్ ఉందో లేదో మాత్రం చూసుకోవాలి.

జరగరానిది జరిగితే..

ముందు గాయపడినవాళ్లను ఆసుపత్రికి చేర్చాలి, 108కి ఫోన్ చేయాలి. పోలీసులకు ప్రమాదం గురించి 24 గంటల్లోపు చెప్పాలి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 134 ప్రకారం ఇది డ్రైవర్ బాధ్యత. యజమాని కూడా వెంటనే కంపెనీకి సమాచారం ఇవ్వడం మంచిది.

చాలా చోట్ల జరిగే పెద్ద తప్పు ఒకటుంది. నడిపినాయనకు లైసెన్స్ లేదని, లైసెన్స్ ఉన్న ఇంకొకరి పేరు డ్రైవర్‌గా రాయించడం. అలా చేస్తే ఏ తప్పూ చేయని మనిషి మీద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన కేసు (భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106, ఐదేళ్ల వరకు శిక్ష) పడుతుంది. అబద్ధం బయటపడితే బీమా చేజారుతుంది, ఊళ్లో రెండు కుటుంబాలు విడిపోతాయి.

కాదనాల్సి వస్తే?

లైసెన్స్ లేదు, ఇన్సూరెన్స్ అయిపోయింది, బ్రేకులు బాగాలేవు.. ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా ఇవ్వకపోవడమే సాయం. "బండికి ఇన్సూరెన్స్ లేదు తమ్ముడూ, నీకేమైనా అయితే నేను తట్టుకోలేను" అంటే అర్థం చేసుకోని మనిషి ఉండడు. అవసరం మాత్రం తీరాలి కాబట్టి ఊళ్లో డ్రైవర్‌తో సహా అద్దెకు వచ్చే బండ్లు, రైతు సంఘాల కస్టమ్ హైరింగ్ సెంటర్లు చూపించొచ్చు. కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద ఈ సెంటర్లకు సబ్సిడీ ఇస్తున్నారు. దగ్గర్లో ఎక్కడ ఉన్నాయో మండల వ్యవసాయ అధికారిని అడిగితే తెలుస్తుంది.

మొత్తానికి పక్కోడికి సాయపడటం పల్లెకు కొత్త కాదు. లైసెన్స్ ఫొటో, ఇన్సూరెన్స్ తేదీ, బ్రేకుల పరీక్ష, ఒక్క మెసేజ్.. వీటికి పట్టేది పది నిమిషాలే. ఆ పది నిమిషాలు పెడితే శనివారం సాయంత్రానికి బండి షెడ్డుకు, మనిషి ఇంటికి క్షేమంగా చేరతారు. వచ్చే సీజన్‌లో మళ్లీ అడగడానికి, మళ్లీ ఇవ్వడానికి ఇద్దరికీ మొహం చెల్లుతుంది.